చేపల ఉత్పత్తి రెట్టింపైంది సరే, ప్రభుత్వ సాయం చెరువు గట్టు దాకా వస్తోందా?

మీ ప్రశ్న చదివాను. గుడివాడ వైపు నాలుగెకరాల సొంత పొలం ఉంది, పక్కనే ఇంకో ఆరెకరాలు కౌలుకి దొరుకుతుంది, హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి చేపలో రొయ్యలో మొదలుపెడదామనుకుంటున్నారు. దేశంలో చేపల ఉత్పత్తి పదేళ్లలో రెట్టింపైంది, కేంద్రం 20 వేల కోట్ల పథకం పెట్టింది, ఇంత సాయం ఉన్నప్పుడు నష్టపోయే అవకాశం తక్కువే కదా అని అడిగారు. రంగం పెరిగిన మాట నిజమే, సాయం ఉన్న మాటా నిజమే. కాకపోతే ఆ డబ్బు ఎక్కువగా కట్టడాలకీ, కొనుగోళ్లకీ వెళ్తుంది. చెరువు రైతు మునిగిపోయేది జబ్బు దగ్గర, ధర దగ్గర, అప్పు దగ్గర. ఈ తేడా తెలియకుండా సబ్సిడీ చూసుకుని దిగొద్దు. నేను 1990ల్లో టైగర్ రొయ్య వేసిన రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నాను, కొన్నాళ్లు హేచరీలో (పిల్లని పుట్టించి అమ్మే కేంద్రంలో) చేశాను, తర్వాత సొంతంగా చెరువులు చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. తెలిసినంత వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఈ రంగం ఎలా పెరిగిందో చూడండి. 1950-51లో దేశం మొత్తం చేపల ఉత్పత్తి 7.52 లక్షల టన్నులు, అందులో మూడొంతుల దాకా సముద్రం నుంచి వచ్చిందే. 2013-14కి అది 95.79 లక్షల టన్నులైంది, 2023-24కి 184 లక్షలు, ఆ మరుసటి ఏడాది 195 లక్షలు దాటింది. ప్రపంచంలో మనది రెండో స్థానం. అయితే ఇప్పుడు లెక్క తిరగబడింది. 2023-24లో వచ్చిన 184 లక్షల్లో సముద్రానిది 45 లక్షలే, మిగతా 139 లక్షలూ చెరువులు, కాలవలు, రిజర్వాయర్లు, ఉప్పునీటి మడుల నుంచి వచ్చాయి. సముద్రంలో పట్టగలిగిందే 53 లక్షల టన్నులని శాస్త్రవేత్తల అంచనా కాబట్టి అటు పెద్దగా పెరిగే వీలు లేదు. పెరిగిందంతా సాగు. దేశం మొత్తంలో సుమారు 29 శాతం ఒక్క ఆంధ్రప్రదేశ్ నుంచే వస్తోంది, అందులో మీ చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు, భీమవరం వాటా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ పెరుగుదల ఎవరి వల్ల వచ్చిందని అడిగితే నేను ముందు రైతు పేరే చెప్తాను. శాస్త్రం లేదని కాదు. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి ఇంజెక్షన్‌తో శీలావతి లాంటి జాతుల చేత గుడ్లు పెట్టించడం సాధించకపోతే ఇవాళ చేప పిల్ల కోసం నదుల వెంట తిరుగుతూ ఉండేవాళ్లం (జూలై 10న జాతీయ చేపల రైతుల దినోత్సవం జరుపుకునేది అందుకే). కానీ ఆ పిల్లని తెచ్చి కొల్లేరు చుట్టూ వ్యాపారంగా మలిచింది రైతులే. చిన్న పిల్ల వేస్తే చచ్చేది చస్తుంది, మిగిలింది పెరిగేసరికి ఏడాది పడుతుంది. అందుకని పిల్లని ఒక చిన్న చెరువులో ఇరుకుగా ఏడాదిపాటు ఉంచి, వంద గ్రాములు దాటాక పెద్ద చెరువులోకి వదలడం మొదలుపెట్టారు, అలా వదిలిన చేప ఒక్కసారిగా ఎదుగుతుంది. మేత నీళ్లలో చల్లితే సగం అడుక్కి పోతుంది కాబట్టి గోనె సంచులకి చిల్లులు పెట్టి, నూనె తీసిన తౌడు నింపి, వరసగా పాతిన గెడలకి కట్టేవారు. చేప వచ్చి ఆ చిల్లుల దగ్గర నోరు పెట్టి లాక్కుంటుంది. సాయంత్రానికి సంచి ఎంత ఖాళీ అయిందో చూస్తే చేప ఆకలి తెలుస్తుంది, ఆరోగ్యమూ తెలుస్తుంది. ఈ పద్ధతి ఏ ఆఫీసూ నేర్పింది కాదు. తెల్లవారుజామున వల లాగి, తూకం వేసి, ట్రేల్లో ఒక వరస ఐసు ఒక వరస చేప సర్ది లారీకెత్తి హౌరాకీ, అస్సాంకీ పంపే ఏర్పాటు కూడా రైతులు, ఐసు ఫ్యాక్టరీల వాళ్లు, లారీ వాళ్లు, కమీషన్ ఏజెంట్లు కలిసి చేసుకున్నదే.

మరి ప్రభుత్వం ఏం చేసింది అంటారా? నా దృష్టిలో ఈ రంగానికి ప్రభుత్వం చేసిన అతి పెద్ద మేలు సబ్సిడీ కాదు, వెనామీ అనే విదేశీ జాతి రొయ్యని ఒక పద్ధతిగా దేశంలోకి రానివ్వడం. 1990ల మొదట్లో అందరం టైగర్ వేశాం. తల్లి రొయ్యని సముద్రం నుంచి పట్టి తెచ్చేవాళ్లు, దానికి ఏ జబ్బుందో ఎవరికీ తెలీదు. 1994-95లో వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చింది. పొద్దున మేత వేయడానికి వెళ్తే గట్టు పక్కనంతా రొయ్య తేలి ఉండేది, నెత్తి డిప్ప మీద సున్నం చుక్కల్లా తెల్ల మచ్చలు. నెల్లూరు నుంచి కాకినాడ దాకా ఇళ్లూ పొలాలూ అమ్ముకున్నవాళ్లు ఎంతమందో. ఆ వెంటనే 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, తీర ప్రాంతంలో రొయ్యల సాగుకి ఒక నియంత్రణ సంస్థ ఉండాలంది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ అథారిటీయే 2009లో వెనామీకి అనుమతిచ్చింది, అదీ షరతులతో. తల్లి రొయ్య ఫలానా జబ్బులు లేనిదని ధ్రువీకరించిన విదేశీ కేంద్రాల నుంచే రావాలి, వచ్చింది నేరుగా హేచరీకి వెళ్లకూడదు, చెన్నై నీలాంకరైలో ఉన్న క్వారంటైన్ కేంద్రంలో ఉండి పరీక్షలు దాటాకే బయటికి రావాలి. ఈ ఒక్క ఏర్పాటుతో సాగు మళ్లీ లేచి నిలబడింది. 2013-14లో 30 వేల కోట్లున్న సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 2024-25లో 62,408 కోట్లయింది, అందులో 43 వేల కోట్లకు పైగా రొయ్యదే. రైతు చేతికి ఒక్క రూపాయి ఇవ్వకుండా చేసిన సాయం అది. ఇలాంటివి ఇంకో నాలుగు చేస్తే చాలని నేను ఎప్పుడూ అంటుంటాను.

ఇక మీరు అడిగిన పథకాలు. 2015-16లో నీలి విప్లవం పేరుతో 3 వేల కోట్లతో మొదలైంది. 2018-19లో హార్బర్లు, కోల్డ్ స్టోరేజీల లాంటి వాటికి తక్కువ వడ్డీ రుణాల కోసం 7,522 కోట్ల నిధి పెట్టారు. 2019లో మత్స్యశాఖని వేరే శాఖ చేశారు. 2020 సెప్టెంబర్‌లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చింది, మీరు విన్న 20,050 కోట్లు ఇదే. అయితే ఈ అంకె దగ్గర అందరూ పొరపాటు పడతారు. ఇందులో కేంద్రం ఇచ్చేది 9,407 కోట్లు, రాష్ట్రాలు 4,880 కోట్లు, మిగిలిన 5,763 కోట్లు లబ్ధిదారులే పెట్టుకోవాలి. అంటే నాలుగో వంతుకి పైగా రైతులు, మత్స్యకారులు, వ్యాపారులు తమ జేబులోంచి, బ్యాంకు అప్పులోంచి తెచ్చేదే. 2024-25కి 220 లక్షల టన్నుల ఉత్పత్తి, లక్ష కోట్ల ఎగుమతి లక్ష్యాలుగా పెట్టుకున్నారు. ఉత్పత్తి లక్ష్యానికి కొంచెం దిగువన ఆగింది, ఎగుమతి మాత్రం అరవై వేల కోట్ల దగ్గరే తిరుగుతోంది. ఈ తేడా ఎందుకొచ్చిందో ఆలోచిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది: పండించడం మనకి వచ్చు, అమ్ముకోవడంలోనే వెనకబడ్డాం.

ఇప్పుడు మీ పదెకరాల లెక్కకి వద్దాం. పదెకరాలంటే నాలుగు హెక్టార్లు. ఈ పథకంలో కొత్తగా మంచినీటి చెరువు తవ్వడానికి హెక్టారుకి 7 లక్షలు యూనిట్ ధరగా (సబ్సిడీ లెక్కకి ఒప్పుకునే ఖర్చుగా) పెట్టారు. జనరల్ వాళ్లకి అందులో 40 శాతం, మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి 60 శాతం. ఒక మనిషికి రెండు హెక్టార్ల దాకానే. మీ సొంత నాలుగెకరాలకి, అంటే 1.6 హెక్టార్లకి, మీ పేరు మీదైతే దాదాపు 4.5 లక్షలు రావాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ డబ్బు ముందు చేతికి రాదు. మీరు తవ్వించాలి, బిల్లులు పెట్టాలి, అధికారులు వచ్చి కొలిచి ఫొటోలు తీసుకోవాలి, ఆ తర్వాత ఖాతాలో పడుతుంది. జిల్లాకి ఆ ఏడాది ఎన్ని యూనిట్లు మంజూరయ్యాయో అంతమందికే. అసలు 2024-25తో ముగియాల్సిన పథకాన్ని ఇంకో ఏడాది పొడిగించారు, మీరు దిగేనాటికి ఏ పేరుతో నడుస్తుందో జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి, పేరు మారినా పద్ధతి మాత్రం ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ఇక ఈ నాలుగున్నర లక్షల పక్కన ఒక్క రొయ్యల పంట మేత ఖర్చు పెట్టి చూడండి. ఎకరాకి రెండు టన్నులు తీద్దామనుకున్నారు. కిలో రొయ్యకి కిలోన్నర దగ్గర మేత పడుతుంది, అంటే ఎకరాకి మూడు టన్నులు, నాలుగెకరాలకి పన్నెండు టన్నులు. మేత కిలో వంద రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. ఒక్క పంటకి మేతే పన్నెండు లక్షలు. దానికి పిల్ల, కరెంటు, డీజిల్, మందులు, మనుషుల జీతాలు కలపండి. జీవితంలో ఒక్కసారి వచ్చే సబ్సిడీ ఒక పంట మేతలో సగానికి కూడా చాలదు. పంట ఏడాదికి రెండుసార్లు వేస్తారు, ప్రతిసారీ ఈ డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరిస్తున్నారు? మేత డీలర్ ఇస్తున్నాడు. మన జిల్లాల్లో రొయ్యల సాగుకి అసలు బ్యాంకు ఎవరంటే మేత డీలరే. అప్పు మీద మేత ఇస్తాడు కాబట్టి ధరలో డిస్కౌంట్ ఉండదు, మందులూ అతని దగ్గరే కొనాలి, పట్టుబడి రోజు, అంటే రొయ్య పట్టి అమ్మే రోజు, అతను చెప్పిన కంపెనీకే అమ్మాల్సి వస్తుంది. డీలర్ చెడ్డవాడని కాదు, పంట పోతే అతనూ మునుగుతాడు. బ్యాంకు రానిచోట అతను వచ్చాడు, అంతే.

దీనికి మందు కిసాన్ క్రెడిట్ కార్డు. 2018-19 నుంచి చేపల రైతులకీ మత్స్యకారులకీ ఇస్తున్నారు, సమయానికి కట్టేస్తే వడ్డీ 4 శాతం పడుతుంది, 2025 బడ్జెట్‌లో వడ్డీ రాయితీ వర్తించే రుణ పరిమితిని 5 లక్షలకి పెంచుతున్నట్టు ప్రకటించారు. నన్నడిగితే మీలాంటివాళ్లకి మత్స్య సంపద యోజన కంటే ఇదే ముఖ్యం. చెరువుకి లైసెన్సు చూపించాలి కాబట్టి అది ముందు తీసుకోండి. సముద్రానికి, ఉప్పుటేరులకి దగ్గరగా ఉండే చెరువులకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్, మీలాగా లోపల మంచినీటి ప్రాంతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర ఆక్వా అథారిటీ లైసెన్సు. అది లేకపోతే కార్డు రాదు, ఆక్వా జోన్‌లో (చేప, రొయ్య సాగుకి ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో) యూనిట్ రూపాయిన్నర కరెంటు రాదు, బీమా రాదు. పక్కవాడు లైసెన్సు లేకుండా పదేళ్లుగా చేస్తున్నాడు కదా అని మీరు చేయొద్దు. కొల్లేరులో 2006లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లు ఎలా పేల్చారో మీ నాన్నగారి తరం వాళ్లని అడగండి, చెప్తారు.

కౌలు ఆరెకరాల సంగతి ఇంకా కష్టం. మన దగ్గర ఆక్వాలో సగానికి సగం కౌలు మీదే నడుస్తోందని నా కళ్లతో చూసిన అంచనా. కౌలు నోటిమాట మీద, మహా అయితే తెల్ల కాగితం మీద ఉంటుంది. లైసెన్సు భూమి యజమాని పేరు మీద, కరెంటు మీటరు యజమాని పేరు మీద, సబ్సిడీ వస్తే యజమానికి, తుఫాను వచ్చి గట్టు తెగితే పరిహారం యజమానికి. నష్టం మాత్రం కౌలుదారుడిది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే. పథకం నిబంధనలు రిజిస్టర్డ్ లీజు ఉంటే ఇస్తామనే చెప్తాయి, యజమాని రిజిస్టర్ చేయడానికి ఒప్పుకోడు, పొలం మీద హక్కు పోతుందని భయం. మీరు ఆ ఆరెకరాలు తీసుకునే ముందు కనీసం ఐదారేళ్లకి లీజు రిజిస్టర్ చేస్తాడో లేదో అడగండి. చేయనంటే మొదటి ఏడాది ఆ జోలికి వెళ్లకండి.

ఇక బీమా సంగతి. ఏళ్ల తరబడి ఆక్వాకి బీమా దొరకడమే కష్టంగా ఉండేది. 2024లో ఆమోదించిన మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజన (6 వేల కోట్లు, ఇది 2026-27 దాకా ఉంది) కింద పంట బీమా ప్రీమియంలో 40 శాతం, హెక్టారుకి 25 వేలు మించకుండా ఒకసారి ఇస్తారు. దానికి జాతీయ మత్స్య డిజిటల్ వేదికలో పేరు నమోదు చేయించుకోవాలి. మంచి మొదలే. కాకపోతే పాలసీ తీసుకునేటప్పుడు వైట్‌స్పాట్‌తో సహా ఏ జబ్బులకి వర్తిస్తుంది, ఎంత శాతం చనిపోతే ఇస్తారు, ఎన్ని రోజుల్లో తెలియజేయాలి అనేవి చదువుకుని సంతకం పెట్టండి. రొయ్య రోజూ కొంచెం కొంచెంగా పోయే రన్నింగ్ మోర్టాలిటీ వచ్చినప్పుడు, రోజుకి ఇన్ని చొప్పున చచ్చాయని రుజువు చూపించడం చాలా కష్టం. చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెం) రికార్డు, మేత రికార్డు రోజూ రాసుకోవాల్సిందే.

జబ్బు విషయంలో ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఏ పథకం పుస్తకంలోనూ ఇది కనపడదు. మన చెరువులన్నీ ఒకే కాలవలోంచి నీళ్లు తోడుకుంటాయి, అదే కాలవలోకి వదులుతాయి. మీ పై చెరువులో వైట్‌స్పాట్ వచ్చిందనుకోండి, అతను రాత్రికి రాత్రి పట్టుబడి చేసేసి నీళ్లు వదిలేస్తాడు, బ్లీచింగ్ వేసి పది రోజులు ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. తెల్లారేసరికి కింద ఉన్న నువ్వూ నేనూ ఆ నీళ్లే మోటారు పెట్టి తోడుకుంటాం. మీరు ఎంత ఖరీదైన పిల్ల తెచ్చినా, దానికి జబ్బు లేదని పీసీఆర్ టెస్టు చేయించినా ఇక్కడితో అయిపోయింది. నీళ్లు తెచ్చుకోవడానికి ఒక కాలవ, వదలడానికి వేరే డ్రెయిన్ ఉండాలి, ఆ డ్రెయిన్ పూడిక తీయాలి. అది ఏ ఒక్క రైతూ చేసుకోలేడు, ప్రభుత్వం మాత్రమే చేయగలదు. వ్యక్తిగత సబ్సిడీల్లో సగం ఆపి ఈ కాలవలకి పెడితే పంట నిలబడుతుందని నా గట్టి నమ్మకం. పైగా పక్కనున్న వరి రైతుకి ఉప్పునీటి బాధ కూడా తప్పుతుంది, ఆ గొడవ మన ప్రాంతంలో ఎంత ముదిరిందో మీకూ తెలుసు.

సముద్రం మీద బతికే మత్స్యకారుల సంగతి మీరు అడగలేదు గానీ మొత్తం రంగం అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, ఆ రెండు నెలలకి ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే భృతిని 2025లో 20 వేలు చేశారు, అది నేరుగా కుటుంబానికి చేరే సాయం, అవసరమైన సాయం. వాళ్లకి ఇంకా ముఖ్యం జెట్టీలు, హార్బర్లు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు పనికోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి, 2018లో పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడి ఏడాదికి పైగా జైల్లో ఉండి వచ్చారు. సొంత ఊళ్లో పడవ కట్టుకునే చోటుంటే ఆ వలస చాలావరకు ఉండదు. అందుకే హార్బర్ల మీద పెట్టే ప్రతి రూపాయినీ నేను సమర్థిస్తాను.

ధర మాట. 2024-25లో మనం ఎగుమతి చేసిన 7.41 లక్షల టన్నుల రొయ్యలో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. 2025 ఆగస్టులో వాళ్లు సుంకాన్ని 50 శాతానికి పెంచేసరికి ఇక్కడ చెరువు గట్టు మీద కౌంట్ ధరలు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధరలు) ఎలా కదిలాయో చూశాం. పిల్ల వేసే రోజున ఉన్న ధర పట్టుబడి రోజున ఉంటుందన్న భరోసా లేదు, ఆ టెన్షన్‌తో నిద్రపట్టక ముందే పట్టేసినవాళ్లు చాలామంది. మన దేశంలో రొయ్య తినేవాళ్లు పెరిగితే ఈ బాధ కొంత తగ్గుతుంది. 1982లో గుడ్డు రైతులంతా కలిసి నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) పెట్టుకుని, ధర తామే ప్రకటించుకుని, దేశమంతా గుడ్డు తినిపించారు. రొయ్యకి అలాంటి ప్రయత్నం ఎప్పుడో జరగాల్సింది. యూరప్‌కి అమ్మాలంటే యాంటీబయోటిక్స్ అవశేషాలు ఉండకూడదు, అక్కడ మన సరుకులో సగం శాంపిళ్లు తీసి పరీక్షిస్తున్నారు. కాబట్టి ఎవరో చెప్పారని తెలియని మందు చెరువులో పోయకండి.

ఇంత చెప్పాక, మీరేం చేయాలంటే: ఉద్యోగం ఇప్పుడే వదలొద్దు. మొదటి ఏడాది సొంత నాలుగెకరాల్లో చేపే వేయండి, శీలావతి ఎక్కువ, బొచ్చె పదో వంతు, పిల్ల వంద గ్రాములు దాటినదై ఉండాలి. రొయ్యంత లాభం ఉండదు, కానీ రాత్రి మూడింటికి కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే గంటన్నరలో చెరువంతా పోయే భయమూ అంత ఉండదు. నీళ్ల రంగు, ఆక్సిజన్, మేత లెక్క చేతికి అలవాటయ్యాక రెండో ఏడాది ఒక ఎకరం విడదీసి వెనామీ చూడొచ్చు, అదీ మీ బోరు నీటి ఉప్పదనం, ఖనిజాలు ల్యాబ్‌లో చూపించాకే. పొలం మీ అమ్మగారి పేరు మీదో మీ శ్రీమతి పేరు మీదో ఉంటే దరఖాస్తు వాళ్ల పేరుతోనే పెట్టండి, 60 శాతం వర్తిస్తుంది. సబ్సిడీ వస్తుందని మీ లెక్కలో ఎక్కడా రాసుకోకండి, వస్తే దాంతో జనరేటర్ కొనుక్కోండి. తవ్వే ముందు లైసెన్సు, లైసెన్సు కంటే ముందు మట్టి పరీక్ష. పాస్‌బుక్ జిరాక్సులు, అడంగల్, సర్వే నంబర్ల స్కెచ్ పట్టుకుని మీ మండల మత్స్యశాఖ అధికారిని కలవండి, మీ పొలం ఆక్వా జోన్‌లో ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. ఉంటే రాయండి, చెరువు లోతు, గట్టు వాలు ఎలా పెట్టాలో విడిగా చెప్తాను.